ఈ-వే బిల్లు లాగిన్‌కు ఓటీపీ: లోడ్ ఎత్తకముందే చూసుకోవాల్సిన పనులు

జీఎస్‌టీ కింద సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు, అమ్మకపు బిల్లును ఆన్‌లైన్‌లో నమోదు చేసే ఈ-ఇన్వాయిస్ పోర్టళ్లలోకి పాస్‌వర్డ్ ఒక్కదానితోనే వెళ్లే పద్ధతి పోయింది. టర్నోవర్ 20 కోట్లు దాటినవారికి 2025 జనవరి 1 నుంచి, 5 కోట్లు దాటినవారికి ఫిబ్రవరి 1 నుంచి, మిగతా అందరికీ ఏప్రిల్ 1 నుంచి ఓటీపీ తప్పనిసరి. అయినా చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో ఇంకా చాలాచోట్ల ఒకే ఐడీని ఆఫీసంతా వాడుతోంది. ఓటీపీ పోయేదేమో యజమాని ఫోన్‌కు. ఆయన ఫోన్ ఎత్తకపోతే కృష్ణపట్నం పోర్టుకు వెళ్లాల్సిన లారీ కాటా దగ్గరే ఆగిపోతుంది. బిల్లు లేకుండా బయల్దేరదీసి దారిలో పట్టుబడితే, పన్నుకు రెండింతల జరిమానా కట్టాల్సి రావచ్చు.

ముందు యజమాని ఐడీతో లాగిన్ అయి, మెయిన్ మెనూలో టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ తెరిచి కన్ఫర్మ్ నొక్కాలి. ఒకచోట చేస్తే రెండు పోర్టళ్లకూ వర్తిస్తుంది. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లో గానీ, ప్రభుత్వ మెసేజింగ్ యాప్ సందేశ్‌లో గానీ, ఎన్ఐసీ జీఎస్‌టీ షీల్డ్ యాప్‌లో గానీ వస్తుంది. క్వారీల దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి షీల్డే మేలు. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, 30 సెకన్లకోసారి కొత్త నంబరు చూపిస్తుంది. యాప్‌ను అదే మెనూలో ఉన్న లింకు నుంచే దించుకోండి, బయట ఎక్కడా వెతక్కండి. ఫోన్‌లో టైము తేడాగా ఉంటే మాత్రం నంబరు చెల్లదు.

అసలు పని సబ్ యూజర్ల దగ్గర, అంటే మీ ఖాతా కింద సిబ్బందికి ఇచ్చే విడి ఐడీల దగ్గర ఉంది. యూజర్ మేనేజ్‌మెంట్‌లో క్రియేట్ సబ్ యూజర్‌లోకి వెళ్లి, బిల్లులు తీసే ప్రతి ఒక్కరికీ వాళ్ల సొంత మొబైల్ నంబరుతో ఐడీ ఇవ్వండి. అప్పుడు కాటా దగ్గరి గుమాస్తాకు ఓటీపీ అతని ఫోన్‌కే వస్తుంది. ఎవరికి ఏ పని అవసరమో దానికే అనుమతి పెట్టండి. బిల్లులు తీసే మనిషికి రిపోర్టులన్నీ చూపించాల్సిన పని లేదు. ఉద్యోగం మానేసినవాళ్ల ఐడీని ఆ రోజే ఫ్రీజ్ చేయండి. ఇందులో మొహమాటం వద్దు, మీ జీఎస్‌టీ నంబరు మీద వచ్చే ప్రతి బిల్లుకూ జవాబు చెప్పాల్సింది మీరే.

ఇక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సంగతి. పాస్‌వర్డ్ దాచుకుని తనంతట తానే పోర్టల్‌లోకి వెళ్లే పాత ప్రోగ్రాములు ఓటీపీ దగ్గర ఆగిపోతాయి. వాటిని ఎలాగోలా నెట్టుకు రావాలని చూడకుండా ఏపీఐకి, అంటే సాఫ్ట్‌వేర్‌ను పోర్టల్‌కు నేరుగా కలిపే పద్ధతికి మారడమే దారి. ఈ-వే బిల్లు పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ కింద ఫర్ జీఎస్పీ (జీఎస్పీ అంటే సాఫ్ట్‌వేర్‌ను పోర్టల్‌కు కలిపే గుర్తింపు పొందిన సంస్థ) ఎంచుకుని, ఓటీపీతో ధ్రువీకరించి, మీ సాఫ్ట్‌వేర్ ఏ జీఎస్పీ ద్వారా నడుస్తుందో దాని పేరు పెట్టి, వేరే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ సృష్టించుకోవాలి. ఆ జీఎస్పీ పేరేమిటో సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లను ముందే అడగండి, చాలామందికి పని ఆగేది అక్కడే. ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌లో ఏపీఐ రిజిస్ట్రేషన్ కింద ఇదే పని విడిగా చేయాలి. ఈ వివరాలను సాఫ్ట్‌వేర్‌లోనే నమోదు చేయండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

అంతా అయ్యాక పగటిపూట వెళ్లే ఒక లోడ్‌కు కొత్త పద్ధతిలో బిల్లు తీసి చూడండి. వివరాలేవైనా తప్పుపడితే, దారిలో అధికారులు తనిఖీ చేయకముందే 24 గంటల్లోపు రద్దు చేసుకుని మళ్లీ తీసుకోవచ్చు.