ఐఫోన్ అకౌంట్ లాగిన్ ఈమెయిల్ మార్చుకునే విధానం: పాత మెయిల్ మూతపడక ముందే

ఉద్యోగం మారుతున్నారు, పాత కంపెనీ మెయిల్ వచ్చే వారం మూతపడుతుంది. తీరా చూస్తే ఐఫోన్ కొన్నప్పుడు యాపిల్ అకౌంట్ తెరిచింది ఆ మెయిల్‌తోనే. కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో తెరిచినవాళ్లకీ, సెల్ షాపు కుర్రాడు అప్పటికప్పుడు ఏదో జీమెయిల్ చేసి ఫోన్ చేతిలో పెట్టినవాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఇదే తిప్పలు వస్తాయి. ఇలాంటప్పుడు చాలామంది కొత్త మెయిల్‌తో ఇంకో అకౌంట్ తెరిచేస్తారు. ఆ పని మాత్రం చేయకండి. కొన్న యాప్‌లు, ఐక్లౌడ్‌లో (యాపిల్ ఆన్‌లైన్ స్టోరేజ్‌లో) ఉన్న ఫొటోలు, నడుస్తున్న సబ్‌స్క్రిప్షన్లు అన్నీ పాత అకౌంట్‌లోనే ఉండిపోతాయి. ఒక అకౌంట్‌లో కొన్నవాటిని ఇంకో అకౌంట్‌కి తరలించే సదుపాయం యాపిల్ 2025లో తెచ్చింది గానీ, ఇండియాలో వాడేవాళ్లకి ఇవ్వలేదు. అందుకే అకౌంట్ అదే ఉంచి, లాగిన్ మెయిల్ ఒక్కటే మార్చుకోవాలి. దీనికి ఫీజు లేదు, ఏ సెంటర్‌కీ వెళ్లక్కర్లేదు. సాయం చేస్తామని ఎవరైనా ఫోన్ చేసి కోడ్ అడిగితే అది మోసమే.

పేరు దగ్గర తికమక పడొద్దు. 2024లో ఐఓఎస్ 18 వచ్చినప్పుడు ‘యాపిల్ ఐడీ’ని ‘యాపిల్ అకౌంట్’ అనడం మొదలుపెట్టారు. రెండూ ఒకటే.

ముందు ఫోన్ నంబర్ సంగతి చూడండి

మెయిల్ మార్చడానికి వచ్చి నంబర్ గురించి చెబుతాడేమిటి అనుకోవచ్చు. కానీ ఈ పని ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే పద్ధతి) ఉన్న అకౌంట్‌కి లాగిన్ కోడ్‌లు పాత మెయిల్‌కి రావు. మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్న యాపిల్ పరికరాలకి గానీ, ట్రస్టెడ్ ఫోన్ నంబర్‌కి, అంటే కోడ్‌ల కోసం అకౌంట్‌లో నమోదైన నంబర్‌కి గానీ వస్తాయి. అంటే పాత మెయిల్ బాక్స్ మూతపడినా, పాస్‌వర్డ్ గుర్తుండి, ఫోన్ చేతిలో ఉంటే మార్చుకోవచ్చు. లాగిన్ అయి ఉన్న పరికరం, నంబర్ రెండూ పోతేనే చిక్కు.

మన ఇళ్లలో ఇది ఎక్కువ. అబ్బాయి అమెరికా నుంచి ఐఫోన్ తెచ్చి అమ్మకి ఇస్తాడు, అకౌంట్‌కి తన డల్లాస్ నంబర్ పెట్టి వెళ్తాడు. ఇక్కడ అమ్మ పొద్దున్న పదింటికి లాగిన్ అవ్వబోతే కోడ్ అక్కడ రాత్రి నిద్రపోతున్న అబ్బాయి ఫోన్‌కి పోతుంది. ఇండియాకి తిరిగొచ్చేసి అమెరికా సిమ్ ఆపేసినవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం, ఆ నంబర్‌కి వెళ్లే కోడ్ ఇక ఎవరికీ అందదు. కాబట్టి సెట్టింగ్స్ తెరిచి, పైన ఉన్న మీ పేరు నొక్కి, ‘సైన్ ఇన్ అండ్ సెక్యూరిటీ’లోకి వెళ్లి, ‘టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్’లో ఏ నంబర్ ఉందో చూడండి. మీ ఇప్పటి నంబర్ ముందు చేర్చి, కోడ్‌తో ఖరారు చేసుకున్నాకే పాతది తీసేయండి. అకౌంట్ తెరిచింది షాపువాళ్లయితే ఆ నంబర్ వాళ్లది కాదని కూడా చూసుకోండి. పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చేస్తే మంచిది.

నంబరూ లేదు, లాగిన్ అయి ఉన్న పరికరమూ లేదు అంటే మిగిలేది అకౌంట్ రికవరీ, అంటే అకౌంట్ మీదేనని యాపిల్ చూసుకుని తిరిగి ఇచ్చే పద్ధతి. దానికి రోజుల తరబడి ఎదురుచూడాలి, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే. కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ గడువు తగ్గించరు.

కొత్త మెయిల్ ఎలాంటిది ఉండాలి?

ఆ మెయిల్‌తో ఇప్పటికే ఇంకో యాపిల్ అకౌంట్ ఉండకూడదు. ఎప్పుడో పాత ఐప్యాడ్‌కి వాడి మరిచిపోయిన జీమెయిల్ అయితే ‘ఇది వేరే అకౌంట్‌లో ఉంది’ అని తిప్పికొడుతుంది. అప్పుడు ముందుగా ఆ పాత అకౌంట్‌లోకి వెళ్లి దాని మెయిల్ మార్చాలి, లేదా మీకు ఇంకో అడ్రస్ చూసుకోవాలి. మళ్లీ ఆఫీసు మెయిల్ పెట్టకండి, రెండేళ్లకి ఇదే పని మళ్లీ పడుతుంది. ఐక్లౌడ్ అడ్రస్ (యాపిల్ ఇచ్చే మెయిల్) పెట్టుకోవాలనుకునేవాళ్లు ఒక్కసారి ఆలోచించుకోండి. దానికి మారాక తిరిగి జీమెయిల్‌కి రావడం కుదరకపోవచ్చు.

మార్చే పద్ధతి

ఇంట్లో కూర్చుని చేయండి. ‘స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్’ ఆన్‌లో ఉంటే, ఇల్లూ ఆఫీసూ లాంటి అలవాటైన చోటు కాకుండా బయటెక్కడో ఉన్నప్పుడు అకౌంట్ భద్రతకి సంబంధించిన కొన్ని మార్పులకి ఫోన్ మిమ్మల్ని గంటసేపు ఆగమని, మళ్లీ ముఖం చూపించమంటుంది. దొంగని ఆపడానికి పెట్టింది, బస్టాండులో కూర్చుని తొందరపడేవాళ్లనీ ఆపుతుంది.

మీ దగ్గర ఐప్యాడ్, మ్యాక్ లాంటివి ఉంటే, ఇప్పుడు వాడుతున్న ఫోన్ తప్ప మిగతా అన్నిట్లో ముందే సైన్ అవుట్ అవ్వండి. ఇది దాటేస్తే తర్వాత ఆ ఐప్యాడ్ పాత మెయిల్ చూపిస్తూ దాని పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది.

ఇక ఫోన్‌లో సెట్టింగ్స్, మీ పేరు, ‘సైన్ ఇన్ అండ్ సెక్యూరిటీ’. అక్కడ మీ మెయిల్, నంబర్లు కనిపిస్తాయి. కొన్ని వెర్షన్లలో మెయిల్ మీదే నొక్కితే మార్చే ఆప్షన్ వస్తుంది, కొన్నింట్లో పక్కనున్న ‘ఎడిట్’ నొక్కి, మెయిల్ ముందున్న ఎర్రటి మైనస్ గుర్తు నొక్కాలి. ఆ ఎరుపు చూసి భయపడక్కర్లేదు, అది అకౌంట్‌ని తీసేయదు. ఫోన్ పాస్‌కోడ్ అడుగుతుంది, తర్వాత కొత్త మెయిల్ అడుగుతుంది. అక్షరం తప్పు పోకుండా టైప్ చేయండి. ఆ మెయిల్‌కి ఒక కోడ్ వస్తుంది, అది కొట్టగానే పని అయిపోతుంది. కోడ్ కనబడకపోతే స్పామ్ ఫోల్డర్ చూడండి. చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఐఫోన్ దగ్గర లేకపోతే ‘అకౌంట్ డాట్ యాపిల్ డాట్ కామ్’లో కంప్యూటర్ నుంచి కూడా ఇదే పని చేయొచ్చు. అక్కడా లాగిన్ అవ్వడానికి కోడ్ కావాలి కాబట్టి నంబర్ సంగతి మళ్లీ మొదటికే వస్తుంది.

మారాక చూసుకోవాల్సినవి

పాస్‌వర్డ్ పాతదే ఉంటుంది. ఫొటోలు, కొన్న యాప్‌లు, దేశం సెట్టింగ్ ఏవీ కదలవు. సైన్ అవుట్ చేసిన పరికరాల్లో కొత్త మెయిల్‌తో మళ్లీ లాగిన్ అవ్వండి. ఐమెసేజ్, ఫేస్‌టైమ్ సెట్టింగ్స్‌లో ‘మిమ్మల్ని ఏ అడ్రస్‌లో చేరొచ్చు’ అనే చోట పాత ఆఫీసు మెయిల్ ఇంకా టిక్ అయి ఉంటే తీసేయండి.

ఎక్కువమంది మరిచిపోయేది ‘హైడ్ మై ఈమెయిల్’. యాప్‌లలో ‘సైన్ ఇన్ విత్ యాపిల్’ నొక్కి మెయిల్ దాచినప్పుడు, యాపిల్ ఒక వింత అడ్రస్ పుట్టించి, దానికి వచ్చే మెయిల్స్‌ని మీ అసలు మెయిల్‌కి పంపిస్తూ ఉంటుంది. ఆ అసలు మెయిల్ మీ పాత ఆఫీసుదే కావచ్చు. లాగిన్ మెయిల్ మార్చినంత మాత్రాన ఇది మారిందని నమ్మేయకండి. సెట్టింగ్స్‌లో మీ పేరు, ఐక్లౌడ్, ‘హైడ్ మై ఈమెయిల్’, అడుగున ‘ఫార్వర్డ్ టు’. అక్కడ కొత్త మెయిల్ ఎంచుకోండి. లేకపోతే టికెట్ల బిల్లులు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు అన్నీ ఎవరూ తెరవని పెట్టెలోకి పోతుంటాయి.

ఇవన్నీ మీరు సొంతంగా తెరుచుకున్న అకౌంట్‌కే. కంపెనీయో స్కూలో మీకు తెరిచి ఇచ్చిన ‘మేనేజ్డ్ యాపిల్ అకౌంట్’ అయితే అందులో మెయిల్ మార్చే అధికారం వాళ్ల ఐటీ విభాగానిదే. ఆ అకౌంట్‌లో సొంత ఫొటోలు ఉంటే, ఉద్యోగం వదిలే ముందే దింపుకుని పెట్టుకోండి.