పిల్లల రివిజన్‌కు పెద్దల సాయం – 3వ పాఠం: పుస్తకం మూసి చదవడం

పోయిన పాఠంలో పరీక్షకు మిగిలిన రోజుల్ని సబ్జెక్టులవారీగా పంచి, టైంటేబుల్ రాసుకున్నాం. అందులో ఒక గడిలో ‘సైన్సు – రక్తప్రసరణ – 40 నిమిషాలు’ అని ఉందనుకోండి. ఆ 40 నిమిషాలు కూర్చుని పిల్లలు అసలు ఏం చెయ్యాలన్నది ఇవాళ్టి పాఠం. ఈ పాఠాలన్నిటిలో ఒక్కటే పాటించగలం అనుకునేవాళ్లు దీన్ని పాటించండి.

రివిజన్ చెయ్యమంటే ఎక్కువమంది పిల్లలు పాఠం మళ్లీ చదువుతారు. ముఖ్యం అనిపించిన చోట రంగుపెన్నుతో గీతలు గీస్తారు. రెండోసారి చదివేటప్పుడు ప్రతి వాక్యం తెలిసిందే అనిపిస్తుంది. మూడోసారికి కళ్లు లైన్ల మీద జారిపోతుంటాయి. ‘నాకు వచ్చేసింది’ అని పుస్తకం పక్కన పెట్టేస్తారు. వాళ్లు మనల్ని మభ్యపెట్టడం లేదు, నిజంగానే వచ్చేసినట్టు అనిపిస్తుంది. కానీ కళ్ల ముందున్నదాన్ని గుర్తుపట్టడం వేరు, ఎదురుగా ఏమీ లేనప్పుడు గుర్తుతెచ్చుకోవడం వేరు. పరీక్షలో కావాల్సింది రెండోదే. గట్టున కూర్చుని ఎంతసేపు చూసినా ఈత రాదు కదా, ఇదీ అంతే.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు ఒక చిన్న వ్యాసాన్ని నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. ఇంకో గుంపు మొదటి విడత మాత్రమే చదివి, మిగతా మూడు విడతలూ కాగితం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూ ఉన్నవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతం. అదే పరీక్ష వారం తర్వాత పెట్టినప్పుడు లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం. బాగా గుర్తుంటుందన్న ధీమా ఎక్కువ ఉన్నది మాత్రం చదివినవాళ్లకే. ఈ ధీమా దగ్గరే పిల్లలు దెబ్బతింటారు. రాత్రి అంతా వచ్చినట్టే ఉండి, వారానికి సగం కూడా మిగలదు.

2013లో జాన్ డన్‌లోస్కీ, ఆయన సహచరులు పది రకాల చదివే పద్ధతుల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించారు. బాగా పనికొచ్చేవిగా తేలినవి రెండే: తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద విడగొట్టి చదవడం. గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం అడుగున మిగిలాయి. రెండో పద్ధతి సంగతి వచ్చే పాఠంలో చూద్దాం.

ఇక పనిలోకి దిగుదాం. ఆ 40 నిమిషాల్లో మొదటి పది, పదిహేను నిమిషాలు పిల్లవాణ్ణి మామూలుగానే చదవనివ్వండి. పాఠం మొత్తం వద్దు, రెండు మూడు పేజీలు చాలు. తర్వాత పుస్తకం మూసేసి ఇంకో గదిలో పెట్టాలి. బల్ల మీద ఉంటే చెయ్యి దానంతట అదే వెళుతుంది. లేచి ఐదు నిమిషాలు అటూ ఇటూ తిరిగి, మంచినీళ్లు తాగి వచ్చాక తెల్లకాగితం తీసి గుర్తున్నదంతా రాయాలి. అందమైన చేతిరాత అక్కర్లేదు, పూర్తి వాక్యాలు అక్కర్లేదు, బొమ్మ గీసినా సరే.

రక్తప్రసరణ పాఠానికి అలాంటి కాగితం ఇలా ఉండొచ్చు: ‘గుండెకు నాలుగు గదులు. పైవి కర్ణికలు, కిందవి జఠరికలు. కుడి వైపు నుంచి రక్తం ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ ఆక్సిజన్ కలుస్తుంది. మళ్లీ గుండెకు వచ్చి ఒళ్లంతా పోతుంది. ధమనుల్లో ఎప్పుడూ ఆక్సిజన్ ఎక్కువ ఉన్న రక్తమే ఉంటుంది.’ ఇక్కడ పెన్ను ఆగిపోతుంది. ఆగిన వెంటనే పుస్తకం తెరవనివ్వకండి. ఇంకో రెండు నిమిషాలు ఆలోచించమనండి. ‘ఏదో కవాటాల గురించి కూడా ఉంది...’ అని తలగోక్కునే ఆ రెండు నిమిషాలే ఈ పద్ధతికి ప్రాణం.

ఇప్పుడు పుస్తకం తెచ్చి, వేరే రంగు పెన్నుతో తనే దిద్దుకోవాలి. కవాటాల పేర్లు రాలేదు. ఊపిరితిత్తుల నుంచి రక్తం ఎడమ కర్ణికలోకి వస్తుందని రాయలేదు. చివరి వాక్యం తప్పు: గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఉండేది ఆక్సిజన్ తక్కువ ఉన్న రక్తం. పాఠాన్ని పదిసార్లు చదివినా ఈ పొరపాటు బయటపడకపోవచ్చు, ఎందుకంటే చదివేటప్పుడు అంతా ఒప్పులాగే కనిపిస్తుంది. కాగితం మీద పడ్డాక దాక్కోవడానికి చోటుండదు. మిగిలిన టైమంతా ఈ మూడు చోట్లకే వాడాలి, వచ్చినదాన్ని మళ్లీ చదవక్కర్లేదు.

కాగితం దాదాపు ఖాళీగా వస్తే దిగులుపడకండి. ఆ భాగం ఇంకా రివిజన్‌కు రాలేదు, ముందు అర్థం చేసుకోవాలి అని లెక్క. ఒక్క పేజీకి కుదించి మళ్లీ మొదలుపెట్టండి.

లెక్కలకు చిన్న మార్పు. చేసి ఉన్న లెక్కను చదివి ‘అర్థమైంది’ అనుకోవడం అన్నిటికంటే పెద్ద మోసం. సమాధానం మీద కాగితం కప్పి, ప్రశ్న మాత్రమే చూసి మొదటి మెట్టు రాయమనండి. ఆగితే ఒక్క లైను మాత్రం జరిపి చూడొచ్చు. తర్వాత అదే రకం లెక్క, అంకెలు మార్చి, ఏమీ చూడకుండా చెయ్యాలి. చరిత్ర, భాషా పాఠాలకు నోటితో చెప్పడం కూడా చాలు.

పెద్దవాళ్ల పని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇదంతా నిలబడేది, కూలేది అక్కడే. మీకు ఆ సబ్జెక్టు రాకపోయినా ఫరవాలేదు. పుస్తకం మీ చేతిలో పెట్టుకుని, ‘రక్తం కుడి కర్ణిక నుంచి ఎక్కడికి పోతుంది? నాకు చెప్పమ్మా’ అని అడిగి, పేజీలో వేలుపెట్టి వింటే చాలు. తడబడితే అందించకండి, పది లెక్కపెట్టే దాకా ఓపిక పట్టండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ కాగితం చూసి ‘ఇంతేనా?’ అనకండి. ఆ ఒక్క మాట పడితే మర్నాటి నుంచి పుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని రాసి, నిండు కాగితం చూపిస్తారు. పదమూడేళ్లు దాటిన పిల్లలకు మన ముఖంలో చిన్న విసుగు కూడా ఇట్టే తెలిసిపోతుంది. ‘ఏది రాలేదో దొరికింది కదా, దాన్ని పట్టుకుందాం’ అనండి. తప్పు ఇంట్లో దొరికితే మార్కులు పోవు.

‘దీనికి చాలా టైం పడుతోంది, చదివేస్తే అయిపోతుంది’ అని మొదట్లో పేచీ పెడతారు. కష్టంగా ఉంటుందన్నది నిజమే, ఒప్పుకోండి. మూడు రోజులు ఒక్క సబ్జెక్టులోనే చేసి చూద్దామని ఒప్పందం చేసుకోండి. అన్నట్టు, నిద్ర కళ్లతో ఇది కుదరదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అర్ధరాత్రి దాటాక తెల్లకాగితం ముందు కూర్చోబెడితే ఏడుపే మిగులుతుంది.

వచ్చే పాఠంలోపు చెయ్యాల్సింది: పిల్లలకు నచ్చిన సబ్జెక్టులోంచి రెండు పేజీలు తీసుకుని మూడు రోజులు ఇలా రాయించండి. నచ్చని సబ్జెక్టుతో మొదలుపెట్టొద్దు. ప్రతి కాగితం మీదా తేదీ వెయ్యండి, దిద్దిన రంగు గీతలతో సహా ఒక ఫైల్లో దాచండి. రాని అంశాలను ఏ రోజు మళ్లీ అడగాలో చెప్పే డబ్బాల పద్ధతి ఒకటి ఉంది, 1972లో సెబాస్టియన్ లైట్నర్ చెప్పినది. నాలుగో పాఠంలో ఆ డబ్బాలు నింపడానికి ఈ కాగితాలే కావాలి.