టెంపరేచర్ ముల్లు బాగానే ఉంది, బండే స్టార్ట్ కాదు: ఈ30లో కూలెంట్ సెన్సార్ చెక్ చేయడం

పొద్దున్నే చక్కగా స్టార్ట్ అవుతుంది. కాస్త తిరిగి, బంకు దగ్గర ఆపి మళ్లీ తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ తిరగడమే తప్ప ఇంజిన్ అందుకోదు, అందుకున్నా వెనక నల్ల పొగ, పెట్రోలు వాసన. నా పాత బీఎండబ్ల్యూ ఈ30 325ఐతో కొన్నాళ్లు ఇదే గోల. ప్లగ్గులు మార్చాను, ఇంజెక్టర్లు కడిగించాను. చివరికి దొంగ దొరికింది థర్మోస్టాట్ హౌసింగ్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు ఉండే డబ్బా) మీద.

అక్కడ కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, ఎంత వేడిగా ఉందో కొలిచే రెండు సెన్సార్లుంటాయి. బ్రౌన్‌ది డ్యాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు కోసం, నీలంది ఇంజిన్ కంప్యూటర్ కోసం. ముల్లు సరిగ్గానే ఉంది కదా అని నేను నీలందాన్ని ముట్టుకోలేదు, అదే తప్పయింది. దీనిలో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) తగ్గాలి. ఉండాల్సినదానికన్నా ఎక్కువుంటే ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు గుమ్మరిస్తుంది, మరీ తక్కువుంటే ఇంజిన్ వేడెక్కిందనుకుని తగ్గించేస్తుంది, అప్పుడు పొద్దున స్టార్టింగ్ కష్టం.

రాత్రంతా ఆగిన బండి మీదే పని మొదలెట్టండి, వేడి మీద రేడియేటర్ మూత జోలికి అస్సలు పోవద్దు. కనెక్టర్‌ని పట్టి ఉంచే సన్నటి తీగ క్లిప్పు ఉంటుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో ఒక పక్క నుంచి లేపుతూ రెండో పక్క వేలు అడ్డం పెట్టండి, లేదంటే ఎగిరి ఇంజిన్ సందుల్లో పడుతుంది, ఇక ఆదివారమంతా టార్చిలైటే గతి. పిన్నుల మీద పచ్చటి చిలుముంటే గీకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి, కొన్నిసార్లు రోగం అంతే.

మల్టీమీటర్ 20కె రేంజిలో పెట్టి సెన్సార్ రెండు పిన్నుల మధ్య చూడండి. 20 డిగ్రీల దగ్గర 2.2 నుంచి 2.7 కిలో ఓమ్‌లు రావాలి. 30 డిగ్రీల ఎండలో 1.7 దాకా దిగితే కంగారు పడకండి. 80 డిగ్రీలకు 300 నుంచి 360 ఓమ్‌లు. కనెక్టర్ వైపు, తాళం ఆన్‌లో సుమారు 5 వోల్టులు లేకపోతే తప్పు వైరింగ్‌ది, సెన్సార్‌ది కాదు.

నాది చల్లగా 2.4 చూపించి బుద్ధిమంతుడిలా కూర్చుంది. అందుకే విప్పి గిన్నెలో నీళ్లు కాచాను (అది పాలగిన్నె అని తర్వాత తెలిసింది, తిట్లు పడ్డాయి). సెన్సార్‌ని తీగకు కట్టి, అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి మీటర్ చూస్తూ కూర్చోండి. అంకె జారుడుబల్ల మీద జారినట్టు దిగాలి. నాది 60 దాటాక ఒక్కసారిగా కొన్ని వేల ఓమ్‌లకు ఎగిరి మళ్లీ కిందకొచ్చింది. గిన్నె ఓపిక లేనివాళ్లు, వేడి ఇంజిన్ మీద కనెక్టర్ రెండు పిన్నుల మధ్య 330 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి స్టార్ట్ చేసి చూడండి, పొగ ఆగిందంటే సెన్సార్ పోయినట్టే.

కొత్తది కొత్త వాషర్‌తో బిగించి కూలెంట్ నింపండి, తర్వాత హౌసింగ్ మీది బ్లీడ్ స్క్రూ (లోపల చిక్కిన గాలి పోయేందుకు) వదులు చేసి బుడగలు ఆగేదాకా వదిలాకే మూసేయండి.