కాటా లేకుండా పంది బరువును అంచనా వేయడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పందులను పెంచే ఇంటి దగ్గర వాటిని ఎక్కించి తూచేంత కాటా ఉండడం అరుదు. అందువల్ల బేరం ఎక్కువగా కంటి అంచనా మీదనే నడుస్తుంది. నిత్యం పందులను కొనేవారికి ఉండే ఆ అలవాటు, ఒకటి రెండు పందులను పెంచే కుటుంబానికి ఉండదు. దర్జీలు వాడే టేపు ఒక్కటి ఉంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది. నట్టల మందు మోతాదును నిర్ణయించడానికి కూడా ఇదే అంచనా పనికివస్తుంది.

ఉదయం పూట, మేత పెట్టక ముందే కొలవాలి. రోజూ మేత వేసే మనిషే గుప్పెడు తవుడు చూపించి, పందిని చదునైన నేల మీద నిమ్మళంగా నిలబడనివ్వాలి. తరిమి పట్టుకోవడం ఎంతమాత్రం తగదు. పందికి చెమట ద్వారా ఒళ్లు చల్లబరుచుకునే వీలు దాదాపు లేదు కనుక, మన తీరప్రాంతపు ఉక్కలో పరుగెత్తించిన పందికి వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

మొదటి కొలత ఛాతీ చుట్టుకొలత. ముందుకాళ్లకు సరిగ్గా వెనుక టేపును చుట్టి, అది చర్మానికి ఆనేలా, అయితే ఒంట్లోకి దిగబడకుండా పట్టుకుని సెంటీమీటర్లలో చదవాలి. రెండవది పొడవు: రెండు చెవుల మధ్య నుంచి వెన్ను మీదుగా తోక మొదలు వరకు కొలవాలి. తల పైకెత్తినా, కిందికి వంచినా ఈ పొడవు మారిపోతుంది కనుక మెడ మామూలుగా ఉన్నప్పుడే కొలవడం ముఖ్యం. టేపు లేకపోతే పురికొసతో చుట్టి, ముడి వేసి, ఆ పురికొసను స్కేలు మీద పరిచి చూడవచ్చు.

చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, ఆ మొత్తాన్ని 14,430తో భాగిస్తే బరువు కిలోలలో వస్తుంది. చుట్టుకొలత 100, పొడవు 105 సెంటీమీటర్లు అయితే బరువు సుమారు 73 కిలోలు. అంగుళాలలో కొలిచినవారు 14,430కి బదులు 882తో భాగించాలి.

ఈ లెక్కలో చుట్టుకొలత రెండుసార్లు వస్తుంది కాబట్టి అందులో జరిగే పొరపాటు కూడా రెట్టింపు అవుతుంది. పై ఉదాహరణలో పొడవును 2 సెంటీమీటర్లు ఎక్కువగా చదివితే ఒకటిన్నర కిలో లోపే తేడా వస్తుంది. ఛాతీని అంతే ఎక్కువగా చదివితే దాదాపు 3 కిలోలు పెరుగుతుంది. అందుకే ఛాతీని మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలని నా గట్టి సలహా.

లెక్కలో 68 కిలోల కంటే తక్కువ తేలితే మరో 3 కిలోలు కలపడం ఈ పద్ధతిలో ఉన్న వాడుక. చిన్న పంది పిల్లలకు ఈ సూత్రం పనికిరాదు. వాటిని గోనెసంచిలో పెట్టి వేలాడే కాటాతో తూచడమే మేలు. చూడి పందుల విషయంలో కూడా ఈ అంచనాను నమ్మకూడదు.

నాటు పందుల ఒడ్డూపొడవూ సంకరజాతి పందులకు భిన్నంగా ఉంటాయి. అమ్మకం రోజున ఎక్కడైనా నిజమైన కాటా దొరికితే, ఆ ఉదయం కొలిచిన అంచనాను కాటా బరువు పక్కన రాసిపెట్టుకోవాలి. నాలుగైదు పందులకు ఒకే తీరున తేడా కనిపిస్తే, ఆపైన అదే మందకు వేసే లెక్కలో ఆ మేరకు కలపడమో తీసివేయడమో చేయవచ్చు.