నల్లపావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ – 6: డి4 బంటును ఎప్పుడు కొట్టాలి?

1960లో బ్యూనస్ ఎయిర్స్ చెస్ టోర్నమెంట్‌లో జర్మన్ గ్రాండ్‌మాస్టర్ ఉల్‌మన్ నల్లపావులతో పదిహేడేళ్ల బాబీ ఫిషర్‌ని (తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయినాయన) ఓడించిన ఆట ఈ వారం చూద్దామన్నాను. కుదిరేలా లేదు. పోయిన పాఠం చదివి అన్నానగర్‌లో ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ఆడే) పోటీకి వెళ్లినవాళ్లు వరసపెట్టి మంత్రిని పోగొట్టుకొచ్చారు. ముందు ఆ సంగతి తేలాలి.

1.ఇ4 ఇ6 (ఇదే ఫ్రెంచ్ డిఫెన్స్) 2.డి4 డి5 3.ఇ5 సి5 4.సి3 గుర్రం సి6 5.గుర్రం ఎఫ్3 మంత్రి బి6 6.బిషప్ డి3 సి×డి4 7.సి×డి4. (పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు, × అంటే కొట్టడం, అంకె పక్కన మూడు చుక్కలుంటే నల్లవాళ్ల ఎత్తు.) ఇంతవరకూ ఎందుకలా అన్నది మళ్లీ చెప్పను.

డి4 బంటు మీద మనవి రెండు పావులు గురిపెట్టాయి, దానికి కాపలా ఎఫ్3 గుర్రం ఒక్కటే. ఊరికే వస్తోంది కదా అని అందరూ 7...గుర్రం×డి4 8.గుర్రం×డి4 మంత్రి×డి4 ఆడేశారు. 9.బిషప్ బి5 చెక్! ఒకమ్మాయికి ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఈ ఎత్తు వేసి, గడియారం నొక్కి, తాపీగా వాటర్ బాటిల్ మూత తీశాడట.

డి1లో వాళ్ల మంత్రి, డి4లో మన మంత్రి. మధ్యలో అడ్డం డి3 బిషప్ ఒక్కటే. అది ఊరికే పక్కకు తప్పుకుంటే భయం లేదు, డి1ని మనమే ముందు కొడతాం. చెక్ చెబుతూ తప్పుకుంటే మాత్రం మన ఎత్తు కాస్తా రాజును కాపాడుకోవడానికే అయిపోతుంది, ఈలోపు మంత్రి ఎగిరిపోతుంది. "మంత్రినే సి6లో అడ్డం పెట్టొచ్చుగా సార్?" అని ఒకాయన వాదన. డి4 నుంచి సి6కి దారేదండీ? మంత్రి గుర్రంలా దూకదు. మంత్రితో కొట్టే ముందు ఒక్కటే చూడండి: ఆ బిషప్‌కి చెక్ ఉందా?

7...బిషప్ డి7 ఆడితే బి5 నుంచి చెక్ ఉండదు. అప్పుడు డి4 నిజంగానే మనది. 8.క్యాస్లింగ్ గుర్రం×డి4 9.గుర్రం×డి4 మంత్రి×డి4 10.గుర్రం సి3 వస్తే అది మిల్నర్-బ్యారీ గ్యాంబిట్, వాళ్లు తెలిసే బంటు ఇచ్చారన్నమాట. ఇ5 బంటునీ లాగేయాలని చెయ్యి దురద పెడుతుంది. కొట్టొచ్చు, తప్పేం కాదు. కానీ 11.ఏనుగు ఇ1 తర్వాత మన రాజు ఇంకా నడిమధ్యలోనే ఉంటాడు, ఆ టెన్షన్ నాకొద్దు. నేనైతే 10...ఎ6 ఆడి గుర్రాన్ని బి5కి రానివ్వను. ఒక బంటు చాలు.

అభ్యాసం, బోర్డు ముట్టుకోకుండా: పై వరసలో 10.గుర్రం సి3 బదులు 10.బిషప్ బి5 వస్తే? మనకు వాళ్ల బిషప్‌నో మంత్రినో కొట్టడానికి రెండు దారులున్నాయి, ఒకదాంట్లో మంత్రి పోతుంది. రెండో దారిలో 11.బిషప్×డి7 చెక్ వస్తుంది, దాన్నీ కలిపి లెక్కగట్టి, చివరికి ఎవరికి ఎన్ని పావులు మిగిలాయో రాయండి.

ఉల్‌మన్ ఆట వచ్చేవారం. అది ఫ్రెంచ్‌లోనే వినావర్ అనే రకం, 3.గుర్రం సి3 బిషప్ బి4.