సఫారీలో పక్షులను గుర్తుపట్టడం ఎలా? ముందు నోటి గీత చూడండి

కెన్యాలోని అంబోసెలి జాతీయ ఉద్యానానికి వెళ్లే మనవారిలో చాలామంది ఏనుగుల కోసం, వాటి వెనుక నిలిచిన కిలిమంజారో కోసం వెళ్తారు. 392 చదరపు కిలోమీటర్లే ఉన్న ఆ చోట 400కు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. అందుకు కారణం నీరు. కిలిమంజారో మీద కురిసిన వాన భూమిలోకి ఇంకి, ఎండు మైదానం నడుమ ఊటలుగా పైకి వచ్చి, అక్కడి చిత్తడి నేలలను ఏడాది పొడవునా తడిగా ఉంచుతుంది. అందువల్ల గడ్డి మైదానపు పక్షులనూ నీటి పక్షులనూ ఒకే ఉదయం చూడవచ్చు. ఆ ఒక్క ఉదయంలోనే రెండింటికీ తప్పుడు పేర్లు పెట్టేసి వచ్చేవారిని నేను లెక్కలేనంత మందిని చూశాను.

సామాను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపేది), తూర్పు ఆఫ్రికా పక్షుల బొమ్మల పుస్తకం, ఒక నోటుపుస్తకం, పెన్సిల్ చాలు. 10 రెట్ల బైనాక్యులర్ కొనకూడదు. పక్షితో పాటు మీ చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. తెల్లవారగానే బయలుదేరాలి. పక్షి కనబడిన వెంటనే డ్రైవరు చేత ఇంజన్ ఆపించాలి.

మొదట నెలను, చోటును రాసుకోవాలి. అక్టోబరు నుంచి మార్చి వరకు ఉత్తరం నుంచి వలస పక్షులు వచ్చి ఉంటాయి కాబట్టి, జూలైలో చూసిన పక్షికీ జనవరిలో చూసిన పక్షికీ ఒకే జాబితా పనికిరాదు. తరువాత పరిమాణాన్ని పక్కనున్న మరో ప్రాణితో పోల్చాలి. అడ్డంకి లేని మైదానంలో దూరం తెలియక కన్ను సులభంగా మోసపోతుంది. ఆపైన ముక్కు, కాళ్లు, నడక చూడాలి. రంగును చివరికి వదిలేయాలి. పుస్తకాలు చాలావరకు రంగుతోనే మొదలుపెడతాయి. అది నాకు ఎన్నడూ నచ్చలేదు.

కొన్ని పక్షులకు ఇంత శ్రమ అవసరం లేదు. మన బట్టమేక పిట్టను బొమ్మలోనైనా చూసినవారికి దాని బంధువైన కోరి బస్టర్డ్ చూడగానే తెలిసిపోతుంది. తల మీద బంగారు రంగు కుచ్చు ఉన్నది కిరీటపు కొంగ. ఎర్రటి ముక్కు మీద నల్ల పట్టీ, పసుపు జీను ఉన్నది శాడిల్‌బిల్ కొంగ. దాని కన్ను పసుపుగా ఉంటే ఆడది, నల్లగా ఉంటే మగది. సూపర్బ్ స్టార్లింగ్ అనే గోరింక జాతి పిట్టకు రొమ్ము మీద తెల్ల పట్టీ ఉంటుంది. పట్టీ లేకుండా కన్ను ఎర్రగా ఉంటే అది హిల్డెబ్రాంట్ స్టార్లింగ్. ఊదారంగు రొమ్ము, పొడవాటి తోక ఈకలు ఉన్న లైలాక్ బ్రెస్టెడ్ రోలర్ అనే పిట్టను చూసి మనవాళ్లు “పాలపిట్ట!” అని కేకలు వేస్తారు. బంధుత్వం నిజమే గాని, తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన ఆ పాలపిట్ట ఆఫ్రికాలో ఉండదు.

ఇక అసలు చిక్కు. గడ్డి మైదానంలో గోధుమ రంగు గద్దలు, చిత్తడిలో తెల్ల కొంగలు దాదాపు అందరినీ తప్పుదారి పట్టిస్తాయి. రెండింటికీ పరిష్కారం ఒకే చోట ఉంది: ముక్కు మూల నుంచి చెంప మీదుగా వెనక్కి సాగే నోటి గీత.

ఆ గద్దల్లో టానీ ఈగల్ ఏడాదంతా అక్కడే ఉంటుంది. స్టెప్ ఈగల్ మధ్య ఆసియా మైదానాల నుంచి చలికాలానికి వస్తుంది. టానీ మీగడ రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఏ ఛాయలోనైనా ఉండవచ్చు కనుక ఒంటి రంగును నమ్మితే పని చెడుతుంది. టానీకి పసుపు రంగు నోటి గీత కంటి మధ్య భాగం కిందికి వచ్చి ఆగిపోతుంది. స్టెప్‌కు కంటి వెనుక అంచు దాకా సాగుతుంది. వయసొచ్చిన టానీ కన్ను లేత రంగులోను, స్టెప్ కన్ను ముదురు గోధుమ రంగులోను ఉంటాయి. దీన్ని రెండో సాక్ష్యంగా మాత్రమే వాడాలి.

కొంగల విషయంలోనూ అంతే. నల్ల ముక్కు, పసుపు పాదాలు ఉంటే చిన్న తెల్లకొంగ. పొట్టి పసుపు ముక్కుతో పశువుల కాళ్ల దగ్గర తిరిగేది పశువుల కొంగ. వీటితో పేచీ లేదు. పెద్ద తెల్లకొంగకూ మధ్యరకం కొంగకూ మధ్యనే గొడవ అంతా. పెద్ద కొంగ నోటి గీత కంటిని దాటి వెనక్కి పోతుంది, మధ్యరకం కొంగ గీత కంటి కిందనే ఆగుతుంది. కొల్లేటి గట్ల మీద కొంగలతో ఇది సాధన చేసి వెళ్తే అక్కడ తడుముకోవలసిన పని ఉండదు.

ఈ గీతను చూడడంలోనే తొందరపాటు జరుగుతుంది. పక్షి తల సరిగ్గా పక్కకు తిరిగి ఉన్నప్పుడే చూడాలి. కొద్దిగా మీ వైపు తిరిగినా గీత పొట్టిదిగా కనబడుతుంది. ఎండకు నోరు తెరిచి వగరుస్తున్న గద్దకు గీత ఉన్నదానికంటే పొడవుగా అనిపిస్తుంది. అందుకే ఉదయం తొమ్మిది లోపు తేల్చుకోవాలని నా నియమం. మిట్టమధ్యాహ్నం కనుబొమ్మ నీడ చెంప మీద పడి, లేని గీతను కూడా చూపిస్తుంది. ఒకసారి చూసి ఊరుకోకుండా, పక్షి తల తిప్పేదాకా ఆగి రెండో వైపు కూడా చూడాలి. ఆ రెండు చూపులూ ఒకటే చెప్పాలి.

ఫోటో తీసుకుని గదిలో తీరికగా తేల్చుకుందామనేవారు ఉంటారు. తల పక్కకు తిరిగిన ఫోటో అయితే నాకు అభ్యంతరం లేదు. అయితే అందరూ తీసేది పక్షి తమ వైపు చూస్తున్నప్పటి ఫోటో. అందంగా ఉంటుంది గాని, అందులో నోటి గీత దొరకదు. దాన్నే పక్షుల పేర్లు చెప్పే యాప్‌కు ఇచ్చి, అది చెప్పిన మొదటి పేరును రాసుకుంటారు.

పేరు కంటే ముందు గీత ఎక్కడ ఆగిందో రాసి, పక్కన తల బొమ్మ ఒకటి గీయాలి. బొమ్మ వంకరగా వచ్చినా ఫరవాలేదు. గీత కనబడకపోతే “గోధుమ రంగు గద్ద, జాతి తేలలేదు” అని రాసి బండిని ముందుకు పోనివ్వాలి.