గోడ మీద అక్షరచిత్రం: రంగు కలిపే ముందు

– నెల్లూరైనా ఒంగోలైనా, గోడ యజమాని అనుమతి ముందే తీసుకోండి.

– ఎవరి మాటలు రాస్తున్నారో చూసుకోండి. నెల్లూరి తిక్కన పద్యానికి హక్కుల చిక్కు లేదు. ఈ కాలపు కవి వాక్యమైతే, ఆయన మరణించాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అడగండి, పేరు రాయండి.

– ‘ఇది ఎవరో చేసేశారేమో’ అనే బెంగతో కుంచె పక్కన పెట్టకండి. తామర ఆకారంలో పద్మబంధం, పాము ఆకారంలో నాగబంధం అనే పద్యాలు అల్లిన పూర్వకవులు అక్షరాలను ఎప్పుడో బొమ్మలుగా పేర్చారు. ఆ ఊహ అందరిదీ. మరొకరి అమరికను, గీతను ఉన్నదున్నట్టు దించడమే తప్పు. నచ్చిన నమూనాను మూసిపెట్టి, మీ చేతిరాతతో పదిసార్లు గీయండి. నాకు పనిచేసిన మందు ఇదే.

– ఫాంటు వాడితే లైసెన్సు చదవండి.

– ఒత్తులకు కింద చోటు వదలండి. ‘ప’ లోపల గీత పడితే ‘ష’ అయిపోతుంది.